టర్బో కారుకి ఏ ఇంజిన్ ఆయిల్ వేయించాలి? నాకు 84 వేలు ఖర్చయ్యాక తెలిసిన సంగతులు

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్లలో ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, నాది టర్బో పెట్రోల్ కారు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఒక ఆయిల్ అంటారు, బయట మెకానిక్ ఇంకోటి అంటాడు, షాపులో అడిగితే మూడోది చేతిలో పెడతారు. ఏది వేయించాలి?" ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, ఏ బ్రాండ్ బెస్ట్ అనేది ఈ ఎపిసోడ్‌లో చెప్పను. డబ్బా వెనక్కి తిప్పి మీరే ఎలా చదువుకోవాలో చెప్తాను. అది వస్తే ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

ముందు నా కథ చెప్పాలి. సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను.

నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో పెట్రోల్ కారు కొన్నాను. 1 లీటర్ ఇంజిన్, మూడు సిలిండర్లు. అప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్న వారానికే సర్వీస్ చేయిద్దామని ఇంటి దగ్గర ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. అతను "ఫుల్ సింథటిక్ అయితే ఇంత అవుద్ది, మామూలు ఆయిల్ అయితే ఇంత" అన్నాడు. తేడా 1,800 రూపాయలు. కారు మాన్యువల్ గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. "మామూలుదే పోసెయ్ అన్నా, ఆయిల్ ఆయిలే కదా" అన్నాను. అతను పోసింది 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్. పోయమన్నది నేనే, కాబట్టి అతన్ని అనడానికి ఏం లేదు.

ఆ ఆయిల్ మీద 14 వేల కిలోమీటర్లు తిప్పాను. మార్చాలి మార్చాలి అనుకుంటూనే వాయిదా వేశాను. మే నెలలో అమ్మ, నాన్న, చెల్లి, నేను తిరుమల వెళ్లాం. నలుగురం, సామాన్లు, ఫుల్ ఏసీ, ఘాట్ రోడ్డు. పైకి వెళ్లగానే పార్కింగ్ ఖాళీ కనిపించింది, కారు పెట్టి టక్కున ఆఫ్ చేసేశాను. దర్శనం బాగా అయింది. తిరిగి వస్తుంటే కడప దాటాక, బోనెట్ లోపల నుంచి సన్నగా సైరన్ లాంటి కూత మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆళ్లగడ్డ దాటేసరికి పికప్ పోయింది. అద్దంలో చూస్తే వెనకాల నీలం పొగ.

రోడ్డు పక్కన ఒక షెడ్డు కనిపిస్తే ఆపాను. రాత్రి 8 దాటింది. అక్కడ పెద్దాయన ఒకరు, టార్చ్ వేసుకుని, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపు ఊడదీసి వంచారు. గాలి మాత్రమే ఉండాల్సిన పైపులోంచి నల్లటి ఆయిల్ కారింది. "ఏం ఆయిల్ పోసినావు నాయనా దీంట్లో?" అన్నారు. చెప్పాను. ఎప్పుడు మార్చావన్నారు. అదీ చెప్పాను. తిట్టలేదు. "ఇంక స్టార్ట్ చేయొద్దు. టర్బో సీల్ పోయింది, ఉన్న ఆయిలంతా తాగేస్తాంది. ఇట్లనే పోతే ఇంజిన్ గూడా పట్టేస్తాది" అన్నారు.

అమ్మావాళ్లని ఆటోలో నంద్యాల పంపించి హైదరాబాద్ బస్సు ఎక్కించాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు, రాత్రంతా కూర్చుని వచ్చారు. కారుని మరుసటి రోజు టోయింగ్ బండి మీద తెచ్చుకున్నాను. కొత్త టర్బో, ఆయిల్ పైపులు, లేబర్, టోయింగ్, అన్నీ కలిపి 84 వేలు. చెల్లి బీటెక్ ఫైనల్ ఇయర్ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులు అవి. ఫీజు అప్పు తెచ్చి కట్టాం. నేను మిగుల్చుకున్నది 1,800.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పాత ఓనర్ ఆ కారుని ఎలా చూసుకున్నాడో నాకు తెలీదు. డ్యామేజీ అతని టైంలోనే మొదలై ఉండొచ్చు. కానీ దాన్ని పూర్తి చేసింది మాత్రం నేనే. ఎలాగో ఇప్పుడు చూద్దాం.

టర్బో అంటే సింపుల్‌గా రెండు చిన్న ఫ్యాన్లు, మధ్యలో ఒక ఇరుసు. ఒక వైపు ఫ్యాన్‌ని సైలెన్సర్‌లోకి పోయే పొగ తిప్పుతుంది. ఆ తిరుగుడుకి రెండో వైపు ఫ్యాన్ బయట గాలిని లాగి, ఒత్తి, ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పెట్రోల్ మండించొచ్చు. అందుకే 1 లీటర్ ఇంజిన్‌తో కూడా పెద్ద ఇంజిన్ అంత పవర్ వస్తుంది.

ఇప్పుడు స్పీడ్ చూడండి. మన ఇంజిన్ మహా అయితే 6 వేల ఆర్‌పీఎం తిరుగుతుంది. టర్బో ఇరుసు లక్ష దాటి తిరుగుతుంది, చిన్న టర్బోలు 2 లక్షల దాకా కూడా వెళ్తాయి. పెట్రోల్ ఇంజిన్‌లో గట్టిగా తొక్కినప్పుడు దానికి తగిలే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ పైనే. చాలా కార్లలో ఆ ఇరుసుకి బాల్ బేరింగ్ కూడా ఉండదు. వెంట్రుక కంటే పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ రెండు పనులు చేయాలి. లోహానికి లోహం తగలకుండా చూడాలి, వేడిని మోసుకుపోవాలి. అదే ఆయిల్ తర్వాత సంప్‌లోకి దిగి, పిస్టన్లకీ, కామ్‌షాఫ్ట్‌కీ, టైమింగ్ చైన్‌కీ వెళ్తుంది. టర్బో లేని కారులో ఆయిల్‌కి ఈ అదనపు డ్యూటీ లేదు. అందుకే "మా పాత కారుకి ఇదే వేశాం, ఏం కాలేదు" అనే మాట ఇక్కడ పనికిరాదు.

సరే, డబ్బా తీసుకోండి. ముందు కనిపించేది గ్రేడ్. 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40, 0డబ్ల్యూ-20, ఇలా ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర టెస్ట్ చేస్తారు, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం. 20 కంటే 30 చిక్కన, 30 కంటే 40 చిక్కన.

"అన్నా, విజయవాడలో ఎండాకాలం 45 డిగ్రీలు. మనకి చలి ఎక్కడుంది? 20డబ్ల్యూ-50 చాలదా?" అని అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇంజిన్‌కి చలి అంటే మైనస్ డిగ్రీలు మాత్రమే కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు మన ఊళ్లో ఆయిల్ 25 డిగ్రీల్లో ఉంటుంది. పని చేసేది 100 డిగ్రీల దగ్గర. అంటే 25 కూడా దానికి చలే. తేనె లాంటి 20డబ్ల్యూ-50 పంపులోంచి ఎక్కి, సన్నటి పైపులోంచి టర్బో దాకా చేరేసరికి, 5డబ్ల్యూ ఆయిల్ కంటే ఆలస్యమవుతుంది. ఈలోపు టర్బో ఇరుసు తిరగడం మొదలైపోతుంది. రోజూ రెండు మూడు స్టార్టులు, ఏడాదికి వెయ్యి. ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది.

అలాగని పల్చన చేసుకుంటూ పోవడం కూడా తప్పే. "0డబ్ల్యూ-20 వేస్తే మైలేజ్ వస్తుందంట" అని, మాన్యువల్‌లో లేకపోయినా వేయించేవాళ్లు ఉన్నారు. అలా చేయొద్దు. ఇంజిన్‌లో సందులు ఏ చిక్కదనానికి డిజైన్ చేశారో దానికే సరిపోతాయి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ ఇచ్చి ఉంటే, మన ఎండలకి, ఘాట్ రోడ్లకి, ఫుల్ లోడుతో తిరిగేవాళ్లకి 40 వైపు వెళ్లడంలో అర్థం ఉంది. ఒకటే ఇచ్చి ఉంటే అదొక్కటే. అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లకి లెక్క వేరు. అక్కడ గడ్డకట్టే చలిలో మొదటి అంకె నిజంగానే ప్రాణం, అందుకే అక్కడ 0డబ్ల్యూ ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు చాలా మంది చూడకుండా వదిలేసేది. డబ్బా వెనకాల గుండ్రటి ముద్ర ఉంటుంది, మధ్యలో రంధ్రంతో, గారె లాగా. అది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ముద్ర. పై సగంలో ఏపీఐ సర్వీస్ అని రాసి రెండక్షరాలు ఉంటాయి. పెట్రోల్ ఇంజిన్లకి మొదటి అక్షరం ఎస్. రెండోది ముందుకు వెళ్లే కొద్దీ కొత్తది. ఎస్ఎల్ 2001 నాటిది, ఎస్ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020లో వచ్చింది, ఎస్‌క్యూ 2025లో వచ్చింది.

టర్బో వాళ్లకి ఈ అక్షరాలు ఎందుకు ముఖ్యం? ఎల్ఎస్‌పీఐ అని ఒక జబ్బు ఉంది. తక్కువ స్పీడులో ముందే మండిపోవడం. సిలిండర్‌లోకి నేరుగా పెట్రోల్ కొట్టే టర్బో ఇంజిన్లలో వస్తుంది. నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం ఉందనుకోండి. ఫ్లైఓవర్ ఎక్కాలి, గేరు దించడానికి బద్ధకం, అలాగే ఫుల్‌గా తొక్కుతారు. అప్పుడు పిస్టన్ పక్క సందులోంచి ఆయిల్, పెట్రోల్ కలిసిన చిన్న బొట్టు పైకి ఎగిరి, స్పార్క్ రాకముందే అంటుకుంటుంది. ఠంగ్ మని సౌండ్ వస్తుంది. గట్టిగా వస్తే పిస్టన్ పగిలిపోవచ్చు కూడా. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువుంటే ఇది పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ఎస్ఎన్ ప్లస్ అని తెచ్చి, దీనికోసమే ఒక టెస్ట్ పెట్టారు. ఎస్‌పీలో అది కొనసాగింది, టైమింగ్ చైన్ అరుగుదల టెస్ట్ కూడా చేరింది. చాలా కంపెనీలు కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచాయి. కాబట్టి మీ కారు డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో అయితే ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ తీసుకోండి. ఉత్త ఎస్ఎన్ వద్దు, ఎస్ఎల్ అసలే వద్దు.

ఇంకో ముద్ర యూరప్‌ది. ఏసీఈఏ అని ఉంటుంది, పక్కన ఏ3/బీ4, సీ2, సీ3 లాంటివి. యూరప్ కంపెనీల కార్లకి ఇది చూడాలి. ఏ3/బీ4, సీ3 రెండింట్లోనూ 150 డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో ఆయిల్ పొర ఎంత నిలబడాలో గట్టి రూల్ ఉంది. కొలత 3.5కి తగ్గకూడదు. సీ2కి 2.9 చాలు. ఈ కొలతని హెచ్‌టీహెచ్ఎస్ అంటారు. టర్బో ఇరుసు దగ్గర జరిగేది సరిగ్గా ఇలాంటి పరీక్షే. అందుకే రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అని ఉన్నా, రెండూ ఒకటి కాదు. వీటి పైన కార్ల కంపెనీలు కూడా సొంత నంబర్లు ఇస్తాయి. ఫోక్స్‌వ్యాగన్ 504 00, మెర్సిడెస్ 229.5, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, ఇలా. మాన్యువల్‌లో అలాంటి నంబర్ ఉంటే, అదే నంబర్ డబ్బా మీద ఉండాలి. ఒక చిన్న కిటుకు. డబ్బా మీద "అప్రూవ్డ్" అని ఉంటే కంపెనీ టెస్ట్ చేసి ఒప్పుకుంది అని. "రికమెండెడ్ ఫర్" అని ఉంటే ఆయిల్ అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పుకుంటున్నారని.

డీజిల్ వాళ్లూ, మీకు ఒక్క మాట. మీది బీఎస్6 అయ్యి, డీపీఎఫ్ ఉంటే, తక్కువ బూడిద వచ్చే ఆయిల్ కావాలి. సీ రకాలు అవే. మసి అయితే డీపీఎఫ్ దాన్ని కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుపోతుంది.

మినరలా, సింథటికా? టర్బోకి ఫుల్ సింథటిక్. ఇందులో డౌట్ పెట్టుకోకండి. వేడికి ఆవిరైపోవడం తక్కువ, మాడి బొగ్గు అవ్వడం తక్కువ. నా కారు సంగతి ఇక్కడే అర్థమవుతుంది. గట్టిగా నడిపి టక్కున ఆఫ్ చేస్తే, ఆయిల్ పంపు కూడా ఆగిపోతుంది. టర్బో లోపల ఉన్న కాస్త ఆయిల్ కదలకుండా, నిప్పు లాంటి లోహం మధ్య ఇరుక్కుంటుంది. ఖాళీ బాణలి పొయ్యి మీద మర్చిపోతే నూనె ఎలా అట్టకడుతుందో చూశారుగా? అదే. ఆ మాడు పొర మీద పొర పేరుకుని, ఆయిల్ వచ్చే సన్నటి పైపుని మూసేస్తుంది. నా కారులో పైపు విప్పితే, లోపల బాల్ పెన్ రీఫిల్ అంత సందు కూడా లేదు. ఆయిల్ అందక బేరింగ్ అరిగింది, ఇరుసు ఊగింది, సీల్ పోయింది. ఇప్పటి చాలా టర్బోల చుట్టూ కూలెంట్ కూడా తిరుగుతుంది, కొన్నింట్లో ఇంజిన్ ఆపాక కూడా చిన్న పంపు తిప్పుతుంది. అది సాయం చేస్తుంది, కానీ పాత ఆయిల్‌ని కొత్త ఆయిల్ చేయలేదు.

కాబట్టి అలవాట్లు. స్టార్ట్ చేయగానే రేస్ చేయొద్దు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వెళ్లండి. హైవే మీద గట్టిగా వచ్చినా, ఘాట్ ఎక్కి వచ్చినా, ఆపాక ఒక నిమిషం ఇంజిన్ అలాగే వదిలి, తర్వాత ఆఫ్ చేయండి. సిటీలో మెల్లగా ఇంటికొచ్చినప్పుడు ఇది అక్కర్లేదు, ఆ చివరి సందులో నడపడమే చాలు.

ఎప్పుడు మార్చాలి? మాన్యువల్‌లో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి మామూలు వాడకం, ఇంకోటి కఠిన వాడకం. చిన్న చిన్న ట్రిప్పులు, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము, కొండ దారులు, ఇవన్నీ కఠిన వాడకమే. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లే కారు ఏ పట్టికలోకి వస్తుందో మీరే చెప్పండి. నేను ఇప్పుడు 7,500 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది పాటిస్తున్నాను. ఏడాదికి 4 వేలే తిరిగినా మార్చాలి. చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ పల్చనవుతుంది. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గకపోగా పెరిగి, పెట్రోల్ వాసన వస్తుంటే అదే కారణం.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరవమనండి. ఫిల్టర్ కూడా ప్రతిసారీ మార్చాలి. ఎన్ని లీటర్లు అనేది మాన్యువల్‌లో ఉంటుంది, గుర్తు దాటి పోయనివ్వొద్దు. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ టర్బోని కాపాడదు. ఖాళీ డబ్బాలని కత్తితో కోసి పారేయండి, లేకపోతే వాటిలో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు. మరీ తక్కువ రేటుకి వస్తుంటే అనుమానించండి. ఏపీఐ లైసెన్స్ ఉన్న ఆయిల్ అయితే వాళ్ల సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, ఫోన్‌లో రెండు నిమిషాల పని.

ఇంకొకటి. టర్బో పోయి కొత్తది వేయించాల్సి వస్తే, టర్బో ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ఆయిల్ వచ్చే పైపు మార్చాలి, సంప్ విప్పి జల్లెడ శుభ్రం చేయించాలి, ఇంటర్‌కూలర్‌లో పట్టిన ఆయిల్ కడిగించాలి. లేదంటే పాతదాన్ని చంపిన బొగ్గే కొత్తదాన్నీ చంపుతుంది. ఈ మాట నాకు చెప్పింది ఆ షెడ్డు పెద్దాయనే. ఆ రాత్రి ఎంతివ్వమంటారు అంటే "పైపు ఇప్పినందుకు ఏం దుడ్లు నాయనా" అని తీసుకోలేదు.

సరే అండీ, ఇంత విన్నాక మీరు చేయాల్సింది ఒక్కటే. ఇప్పుడే కిందకి వెళ్లి గ్లవ్ బాక్స్ తెరిచి మాన్యువల్ తీయండి. ఆయిల్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. గ్రేడ్, ఏపీఐ లేదా ఏసీఈఏ అక్షరాలు, ఎన్ని లీటర్లు, ఈ మూడూ మీ ఫోన్‌లో ఉంటే ఏ షాపుకెళ్లినా ఎవరూ మీకు కథలు చెప్పలేరు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు, పాత ఓనర్ ఏం చెప్పినా సరే, మొదటి వారంలోనే సరైన ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. నేనూ మొదటి వారంలోనే మార్పించాను, కానీ తప్పు ఆయిల్‌తో.

మీ కారు ఏది, మాన్యువల్‌లో ఏ ఆయిల్ ఉంది, ఇప్పుడు లోపల ఏది ఉంది, కామెంట్‌లో రాయండి. రెండూ ఒకటి కాకపోతే దాని గురించి అక్కడే మాట్లాడుకుందాం. చెల్లికి ఉద్యోగం వచ్చింది, ఫీజు అప్పు కూడా తీరిపోయింది. కానీ ఇప్పటికీ ఎక్కడికి బయల్దేరినా కారెక్కే ముందు "అన్నయ్యా, ఆయిల్ చూశావా?" అని అడుగుతుంది. చూశాననే చెప్తాను. నిజంగానే చూస్తాను. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.